వేపమందులో ఈదిన లార్వా: పెరిగిన జన్యువులన్నీ ఎదురుదాడి కాదు

వేపగింజలోని మందు పదార్థం అజాడిరక్టిన్ కలిపిన నీళ్లలో ఏడిస్ ఈజిప్టై దోమ లార్వాలను 24 గంటలు ఉంచి, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ తీసి, మందు లేని నీళ్లలో పెరిగిన వాటితో పోలిస్తే మారిన జన్యువుల జాబితా పొడుగ్గానే వస్తుంది. అందులో సైటోక్రోమ్ పీ450లు (రసాయనాలను మార్చే ఎంజైముల పెద్ద కుటుంబం) కొన్ని ఉండటం మామూలే. వాటిని చూపించి "లార్వా వేపమందును విరిచే ఎంజైములను పెంచుకుంటోంది, నిరోధకత మొదలైంది" అని రాసేయడం చాలా సులువు. ఆ వాక్యం రాసే ముందు ఏమేం తేల్చుకోవాలో, ఎక్కడెక్కడ కాలు జారుతుందో ఈ కేసు విప్పి చూపిస్తుంది.

డెంగీ, చికున్‌గున్యా మోసే ఈ దోమ జీనోమ్ మొదట 2007లో వెలువడింది. ముక్కలన్నీ 3 క్రోమోజోముల మీద వరసగా కూర్చిన మెరుగైన కూర్పు, ఏఏఈజీఎల్5, 2018లో వచ్చింది. విషాలను విరిచే ఎంజైముల జన్యువులకు 2008 నాటికే విడి లెక్క ఉంది: పీ450లు 160, గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజులు 26, కార్బాక్సిల్, కోలిన్ ఎస్టరేజులు కలిపి 49. ఏ జన్యువు ఏ కుటుంబానిదో వెతుక్కునే పని లేదు కాబట్టి కేసుకు ఈ దోమే అనువైనది.

మందు సంగతి కొంచెం చిక్కు. అజాడిరక్టిన్‌ను వేపగింజ నుంచి 1968లో వేరుచేశారు. నిర్మాణం సరిగ్గా తేలడానికి 1985 దాకా పట్టింది, ప్రయోగశాలలో మొదటి నుంచీ కట్టడానికి 2007 దాకా. అంత పెద్ద అణువుకు విరిగే చోట్లు కూడా ఎక్కువే. ఎండకు విరుగుతుంది, క్షారానికి విరుగుతుంది, నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా కూడా తినేస్తుంది. మందును లార్వా విరిచిందా, కప్పులో నీళ్లే విరిచాయా అన్న అనుమానం మొదటి రోజు నుంచీ వెంట ఉంటుంది.

లార్వాలో ఏం ఆగిపోతుంది

నీళ్లతొట్లలో వేసే లార్వా మందు టెమీఫాస్ వేస్తే లార్వా నరాలు దెబ్బతిని గంటల్లో అడుగుకు చేరుతుంది. అజాడిరక్టిన్ అలా చంపదు. లార్వా ఈదుతూనే ఉంటుంది, తిండి తగ్గిస్తుంది, కుబుసం విడిచే వేళకు విడవలేకపోతుంది. సగం ప్యూపా, సగం లార్వాగా, తల పెంకు చిట్లి పాత చర్మం తోకకు అతుక్కున్న స్థితిలో చచ్చిన లార్వాలు కప్పులో తేలుతుంటాయి. వేప పనిచేసిందనడానికి అదే గుర్తు.

కారణం హార్మోన్ల వరసలో ఉంది. కుబుసం విడవాల్సిన వేళ మెదడులోని నాడీకణాలు ఒక పెప్టైడును వదులుతాయి. అది ప్రోథొరాసిక్ గ్రంథిని తట్టిలేపుతుంది, గ్రంథి కుబుసం విడిపించే హార్మోన్ ఎక్డైసోన్‌ను చేస్తుంది, కొవ్వు కణజాలం వంటి చోట్ల అది 20-హైడ్రాక్సీఎక్డైసోన్‌గా మారి అసలు పని మొదలుపెడుతుంది. అజాడిరక్టిన్ ఈ వరసలో పై మెట్టు దగ్గరే అడ్డుపడుతుంది. పెప్టైడు విడుదల దెబ్బతింటుంది, ఎక్డైసోన్ తగ్గుతుంది, లార్వాను లార్వాగానే ఉంచే జువెనైల్ హార్మోన్ లెక్క కూడా తప్పుతుంది.

ఇప్పుడు పీ450ల జాబితా మళ్లీ చూడాలి. ఎక్డైసోన్‌ను తయారుచేసేవి కూడా పీ450లే. స్పూక్, ఫాంటమ్, డిస్ఎంబాడీడ్, షాడో, షేడ్ అనే పేర్లతో హాలోవీన్ జన్యువులంటారు. నంబర్లలో చెబితే వరసగా సీవైపీ307, 306, 302, 315, 314. జువెనైల్ హార్మోన్ తయారీలో సీవైపీ15 ఉంది. అంటే "పీ450లు మారాయి" అన్న ముక్కకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, విషాన్ని విరిచే ఎంజైములు కదిలాయి. రెండు, ఎదుగుదల గడియారం కదిలింది. జాబితాలో పీ450 కనిపించగానే ముందు అది ఏ కుటుంబమో చూడాలి. సీవైపీ6, సీవైపీ9 కుటుంబాలవైతే విషాల పని అనుకోవడానికి కొంత ఆధారం ఉంటుంది. ఈ దోమలో సీవైపీ9జే గుంపులోని కొన్ని పైరెత్రాయిడ్ క్రిమిసంహారకాలను విరుస్తాయని ఎంజైము స్థాయిలోనే రుజువైంది. 302, 314 లాంటివైతే మాత్రం డిటాక్స్ (విషాన్ని విరవడం) శీర్షిక కింద వాటికి చోటు లేదు.

కప్పులు, మోతాదు, లెక్క

గుడ్ల కాగితాన్ని కాచి చల్లార్చిన నీళ్లలో ముంచాలి. కాచిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి గుడ్లు ఇంచుమించు ఒకేసారి పగులుతాయి. కుళాయి నీళ్లలో వేస్తే రెండు రోజులపాటు వాయిదాల్లో పగులుతూ ఉంటాయి, అలాంటి బ్యాచ్ ఈ పనికి రాదు. పగిలినవాటిని లీటరు నీళ్లకు 200 చొప్పున ట్రేలో, 27 డిగ్రీల దగ్గర, 12 గంటల వెలుగు, 12 గంటల చీకటిలో పెంచాలి. ట్రే కిక్కిరిస్తే ఎదుగుదల చెదురుతుంది.

మూడో దశ ముగిసి నాలుగో దశలోకి వచ్చిన లార్వా తల పెంకు కాసేపు తెల్లగా ఉంటుంది, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ తెల్లతల లార్వాలను రెండు గంటల వ్యవధిలో డ్రాపర్‌తో ఏరుకోవాలి. వీటికి అదే సున్నా గంట. "నాలుగో దశ లార్వాలు తీసుకున్నాం" అని మాత్రమే రాసే రిపోర్టుల్లో అసలు జబ్బు ఇక్కడే మొదలవుతుంది. నాలుగో దశ మూడు రోజుల వరకు సాగుతుంది. మొదటి రోజు లార్వాకూ మూడో రోజు లార్వాకూ పోలిక పెడితే మందు లేకుండానే జాబితా నిండిపోతుంది.

మోతాదుకు శుద్ధ అజాడిరక్టిన్ 2 మిల్లీగ్రాములను 20 మి.లీ. అసిటోన్‌లో కరిగిస్తే మి.లీ.కు 100 మైక్రోగ్రాముల స్టాక్ వస్తుంది. 200 మి.లీ. నీళ్ల కప్పులో దాన్ని 0.2 మి.లీ. వేస్తే లీటరుకు 0.1 మిల్లీగ్రాము, అసిటోన్ 0.1 శాతం. మోతాదు పెంచాలంటే ఇదే స్టాక్‌ను ఎక్కువ పోయకూడదు, వేరే బలంతో స్టాక్ చేసుకుని ప్రతి కప్పులోనూ అదే 0.2 మి.లీ. వేయాలి. లేకపోతే మోతాదుతో పాటు అసిటోన్ కూడా పెరుగుతూ పోతుంది. స్టాక్‌ను ముదురురంగు సీసాలో, మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి. నీళ్ల పీహెచ్ 6 దగ్గర ఉంటే అణువు నిలకడగా ఉంటుంది. మన ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల క్షారం వైపే ఉంటాయి, ఆ నీళ్లలో మందు ఎంత వేశామన్నదానికీ రెండో రోజు ఎంత మిగిలిందన్నదానికీ పొంతన ఉండదు. కుదిరితే సున్నా, 24 గంటల నీళ్ల శాంపిళ్లను 217 నానోమీటర్ల దగ్గర హెచ్‌పీఎల్‌సీ (రసాయనాలను వేరుచేసి కొలిచే పరీక్ష) చేయించాలి.

దుకాణంలో దొరికే 1500 పీపీఎం మందు వాడటం కూడా తప్పేం కాదు, మి.లీ.కు సుమారు 1.5 మిల్లీగ్రాముల అజాడిరక్టిన్ ఉంటుంది. అయితే దానితో పాటు నూనె, ద్రావకం, నీళ్లలో పాలలా విరిసేలా చేసే ఎమల్సిఫయరు వస్తాయి. ఎమల్సిఫయరు నీటి తలతన్యతను తగ్గిస్తుంది, లార్వా శ్వాసగొట్టం నీటి పైపొరను పట్టుకుని వేలాడలేదు. నూనె పొర కడితే ఊపిరి ఆడదు. అప్పుడు ఆక్సిజన్ కరువుకు స్పందించే జన్యువులు, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ లాంటివి, లేస్తాయి. వాటికీ వేప రసాయనానికీ సంబంధం లేదు, ఏ నూనె పోసినా అంతే. అజాడిరక్టిన్ తప్ప మిగతా సరుకంతా ఉన్న ఖాళీ మిశ్రమం దొరికితేనే మార్కెట్ మందుతో జన్యువుల పని పెట్టుకోవాలి. దొరక్కపోతే శుద్ధ పదార్థమే మేలు.

కప్పుకు 25 లార్వాలు, ఒక్కో మోతాదుకు కనీసం 4 కప్పులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాల్లోని లెక్క ఇది. ఎదుగుదలను ఆపే మందులకు 24 గంటల మరణాల లెక్క సరిపోదని, దోమలు బయటికి వచ్చేదాకా చూడాలని కూడా అవే చెబుతాయి. కంట్రోల్‌లో, అంటే మందు లేని కప్పులో, 92 శాతం దోమలు పైకి వచ్చి, మందు కప్పులో 46 శాతం వస్తే, 46ను 100తో గుణించి 92తో భాగించి 100లోంచి తీసేస్తే దోమలు పైకి రాకుండా ఆగినది 50 శాతం. కంట్రోల్‌లోనే 80 శాతం కన్నా తక్కువ వస్తే ఆ పరీక్షను పక్కన పెట్టాలి.

జన్యువుల కోసం వాడే మోతాదు మాత్రం ఇంకా కిందికి ఉండాలి, దోమలు పైకి రావడం 10 నుంచి 30 శాతం మేర తగ్గే చోట. సగం చచ్చే మోతాదులో ఆర్‌ఎన్‌ఏ తీస్తే చావబోయే లార్వా సంగతులు రాసినట్టే: హీట్‌షాక్ ప్రొటీన్లు, కణాల చావు, అన్నీ కలగలుపు. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక కప్పును ఆర్‌ఎన్‌ఏకు, దాని జోడీ కప్పును చివరిదాకా ముట్టుకోకుండా దోమల లెక్కకు వదలాలి. జన్యువుల్లో కనిపించిన మార్పుకు ఒంట్లో ఏం జరిగిందో చెప్పే సాక్షి ఆ జోడీ కప్పే.

మూడు కంట్రోళ్లు

మందు లేకుండా అసిటోన్ మాత్రమే వేసిన కంట్రోల్ ఒక్కటే పెట్టి సరిపెట్టుకోవడం ఈ తరహా పనుల్లో అతి పెద్ద పొరపాటు. వేప తిండిని మాన్పిస్తుంది. తిండి మానిన లార్వాలో ట్రిప్సిన్ వంటి జీర్ణ ఎంజైముల జన్యువులు పడిపోతాయి, దాచుకున్న కొవ్వును కరిగించేవి లేస్తాయి, పీ450లు కొన్ని కూడా కదులుతాయి. అందుకే రెండో కంట్రోల్ ఆకలి కంట్రోల్: మందు లేదు, తిండీ లేదు, 24 గంటలు. నిజానికి మందు కప్పులోని లార్వా పూర్తిగా పస్తు ఉండదు, అరకొరగా తింటుంది. కాబట్టి ఆకలి కంట్రోల్ కాస్త అతిగానే చూపిస్తుంది. ఫర్వాలేదు, ఆ దిశలో పొరబడటం మనకు నష్టం కాదు.

మూడోది వయసు కంట్రోల్. అసలు కిటుకంతా దీనిలోనే ఉంది. మామూలు లార్వా నాలుగో దశ మొదట్లో తింటూ పెరుగుతుంది. తర్వాత హెక్సామెరిన్ నిల్వ ప్రొటీన్లు పోగవుతాయి, హాలోవీన్ జన్యువులు లేస్తాయి, హార్మోన్ పెరగగానే దానికి స్పందించే జన్యువులు ఈ74, ఈ75, బ్రాడ్ అందుకుంటాయి, తర్వాత హెచ్‌ఆర్3, దాని వెనక బీటా ఎఫ్‌టీజెడ్-ఎఫ్1, ఆపై ప్యూపా చర్మపు ప్రొటీన్లు. వేప వల్ల లార్వా పది గంటలు వెనకబడిందనుకోండి. అదే గంటలో తీసిన కంట్రోల్‌తో పోలిస్తే పై వరసంతా "తగ్గినట్టు" కనిపిస్తుంది, చిన్న వయసులో ఎక్కువగా ఉండే జన్యువులన్నీ "పెరిగినట్టు" కనిపిస్తాయి. ఇందులో ఏ ఒక్కటీ మందుకు ప్రత్యేక స్పందన కాకపోవచ్చు. లేటుగా నడిచే రైలును టైమ్‌టేబుల్‌తో పోల్చి, స్టేషన్లు మారిపోయాయని రాసినట్టు ఉంటుంది.

వయసు కంట్రోల్ కట్టడానికి చవకైన దారి ఉంది. మందు లేని లార్వాలను సున్నా నుంచి 60 గంటల దాకా 6 గంటలకోసారి తీసి, నాలుగైదు ఎదుగుదల గడియారం జన్యువులకు మాత్రమే క్యూపీసీఆర్ (ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) చేయాలి. హెక్సామెరిన్, ఈ75, హెచ్‌ఆర్3, బ్రాడ్, క్రుపెల్ హోమోలాగ్ 1 చాలు. మందు కప్పులోని 24 గంటల లార్వా ఈ వరసలో ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. 14 గంటల చోట కూర్చుంటే, వయసు కంట్రోల్ 14 గంటల లార్వా.

ఇక్కడ ఇంకో గుంట. దోమ జన్యువుల్లో చాలావాటికి పగలూ రాత్రీ లయ ఉంది, పీ450ల్లోనూ కొన్నింటికి ఉంది. 24 గంటల లార్వాను ఉదయం తీసి, 14 గంటల లార్వాను ముందు రోజు రాత్రి తీస్తే వయసు తేడా తీసేసి గంట తేడా తెచ్చిపెట్టుకున్నట్టే. కాబట్టి వయసు కంట్రోల్ లార్వాలను 10 గంటలు ఆలస్యంగా ఏరి, అన్నింటినీ గోడగడియారంలో ఒకే వేళకు తీయాలి. అందుకోసం గుడ్లను కూడా 10 గంటల తేడాతో రెండు విడతలుగా నీళ్లలో వేయాల్సి వస్తుంది.

వీటితో పాటు 6 గంటల దగ్గర ఒక జత తీసుకోవాలి. అప్పటికి గడియారాలు పెద్దగా విడిపోవు, విషానికి స్పందించే జన్యువులు మాత్రం గంటల్లోనే కదులుతాయి. మొత్తం గుంపులు ఆరు: మందు 6 గంటలు, అసిటోన్ 6 గంటలు, మందు 24, అసిటోన్ 24, ఆకలి 24, వయసు కంట్రోల్. ఒక్కోదానికి 4 విడి బ్యాచ్‌లు, అంటే 24 లైబ్రరీలు (సీక్వెన్సింగుకు సిద్ధం చేసిన నమూనాలు). ఒకే ట్రే నుంచి నాలుగు కప్పులు తీసి నాలుగు రెప్లికేట్లు (విడిగా చేసిన పునరావృత్తులు) అనడం కుదరదు. విడి రోజున పగలగొట్టిన విడి గుడ్లే విడి రెప్లికేటు. డబ్బు చాలకపోతే లైబ్రరీకి రీడ్లు (యంత్రం చదివే ముక్కలు) తగ్గించుకోవచ్చు, 2 కోట్ల జత రీడ్లతో పని నడుస్తుంది. బ్యాచ్‌లు మాత్రం తగ్గించకూడదు.

ఆర్‌ఎన్‌ఏ బల్ల దగ్గర

కదులుతున్న లార్వాలనే తీసుకోవాలి. పదింటిని శుభ్రమైన నీళ్లలో రెండుసార్లు కడిగి, ఫిల్టరు కాగితం మీద తడి అద్ది, ద్రవ నైట్రోజన్‌లో వేయాలి. పదింటికి ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రావణం ట్రైజాల్ 1 మి.లీ. ధారాళంగా సరిపోతుంది. క్లోరోఫామ్ 0.2 మి.లీ., సెంట్రిఫ్యూజులో 12,000 జీ దగ్గర 15 నిమిషాలు, 4 డిగ్రీలు. పైపొరకు ఐసోప్రొపనాల్ 0.5 మి.లీ., గడ్డను 75 శాతం ఇథనాల్‌తో కడగడం, ఆపై మిగిలిన డీఎన్‌ఏను తీసేసే డీఎన్‌ఏజ్. ఇదంతా అందరికీ తెలిసిన వరసే.

తెలియనివాళ్లు తరచూ బెదిరిపోయేది నాణ్యత పరీక్ష దగ్గర. కీటకాల 28ఎస్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో మధ్యన కనపడని కోత ఒకటి ఉంటుంది. నమూనాను వేడిచేయగానే అది రెండు ముక్కలై 18ఎస్ పక్కకు చేరుతుంది. ఆర్‌ఎన్‌ఏ ముక్కల పొడవు చూసే యంత్రం బయోఅనలైజర్ ఒకే శిఖరం చూపించి, ఆర్‌ఐఎన్ అనే నాణ్యత స్కోరు తక్కువ వేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ పాడైందనుకుని మంచి నమూనాలు పారబోసిన సందర్భాలకు కొదవ లేదు. స్కోరును కాదు, శిఖరం కింద ఎడమవైపు మసక పరుచుకుందా లేదా అన్నది చూడాలి. సీక్వెన్సింగు సెంటరుకు ఈ సంగతి ముందే రాసి పంపితే నమూనా వెనక్కి రాదు.

లార్వా పొట్టలో తిండి కూడా ఆర్‌ఎన్‌ఏ ఇస్తుంది. ఈస్ట్ పెట్టి పెంచితే ఈస్ట్ రీడ్లు వస్తాయి. మందు తిన్న లార్వా తక్కువ తింటుంది కాబట్టి దానిలో ఈస్ట్ రీడ్లు తక్కువ. వాటిని దోమ జన్యువుల లెక్కలో కలవనీయకూడదు, విడిగా లెక్కపెట్టి ఉంచుకుంటే లార్వా ఎంత తిన్నదో చెప్పే ఉచిత కొలత అవుతుంది.

మగ లార్వాలు ఆడవాటికన్నా ముందే ప్యూపాలవుతాయి. 48 గంటలు దాటాక తీసే నమూనాల్లో కంట్రోల్ కప్పులో మగవి ప్యూపాలై వెళ్లిపోయి ఆడవి మిగులుతాయి, మందు కప్పులో రెండూ ఉంటాయి. మగతనాన్ని నిర్ణయించే నిక్స్ జన్యువు రీడ్లు నమూనాల మధ్య ఎగుడుదిగుడుగా ఉంటే ఆ గొడవ జరిగిందని అర్థం. 24 గంటల లోపు నమూనాలకు ఇది పెద్ద సమస్య కాదు, అయినా చూడటానికి నిమిషం పట్టదు.

రీడ్లను వెక్టర్‌బేస్ అనే డేటాబేస్‌లోని ఏఏఈజీఎల్5 ట్రాన్స్‌క్రిప్టుల మీద సాల్మన్ సాఫ్ట్‌వేర్‌తో లెక్కించి, డీసెక్2 సాఫ్ట్‌వేర్‌తో పోల్చడం చాలినంత. ముందు పీసీఏ చిత్రం (ఒకేలాంటి నమూనాలు దగ్గర దగ్గరగా పడే చుక్కల పటం) వేసి చూడాలి. మందు 24 గంటల చుక్కలు వయసు కంట్రోల్ చుక్కలతో కలిసిపోతే కథ సగం తేలినట్టే: మారినదాంట్లో ఎక్కువ భాగం గడియారం. ఒక జన్యువును రసాయనానికి స్పందనగా లెక్కలో వేసుకోవాలంటే అది అదే గంట కంట్రోల్‌తోనూ, వయసు కంట్రోల్‌తోనూ ఒకే దిశలో తేడా చూపాలి, ఆకలి కంట్రోల్‌లో కదలకూడదు. ఈ జల్లెడలో జాబితా బాగా సన్నబడుతుంది, అలా సన్నబడినా మిగిలినవే నమ్మదగ్గవి.

క్యూపీసీఆర్‌లో రెట్టింపు అబద్ధం

మిగిలిన జన్యువులను క్యూపీసీఆర్‌తో సరిచూస్తారు. ప్రైమర్ సామర్థ్యం 90 నుంచి 110 శాతం, అంటే ప్రామాణిక గీత వాలు మైనస్ 3.6 నుంచి మైనస్ 3.1 మధ్య ఉండాలి. ఇబ్బంది రిఫరెన్సు జన్యువులతో, అంటే మారవనుకుని కొలబద్దగా పెట్టుకునేవాటితో. దోమల్లో అలవాటుగా ఆర్‌పీఎల్8, ఆర్‌పీఎస్7 లాంటి రైబోజోమ్ ప్రొటీన్ జన్యువులు వాడతారు. మామూలు క్రిమిసంహారకాలకు అవి సరిపోతాయి. ఎదుగుదలనే ఆపే మందుకు, ఎదుగుదలతో పాటు నడిచే రైబోజోమ్ జన్యువును కొలబద్దగా పెట్టుకోవడం ప్రమాదం.

లెక్క కోసం ఊహించిన అంకెలతో చూడండి. సీటీ అంటే జన్యువు యంత్రానికి కనిపించేందుకు పట్టిన చక్రాల సంఖ్య, అది తక్కువైతే జన్యువు ఎక్కువ. కంట్రోల్‌లో మనకు కావాల్సిన జన్యువు సీటీ 26.4, రిఫరెన్సు 18.2, తేడా 8.2. మందు లార్వాలో 24.1, 18.3, తేడా 5.8. రెండు తేడాల మధ్య 2.4, అంటే దాదాపు 5.3 రెట్లు పెరుగుదల. ఇప్పుడు మందు వల్ల రిఫరెన్సు జన్యువే సగానికి పడిపోయి దాని సీటీ 19.3 అయిందనుకోండి. తేడా 4.8, రెండింటి మధ్య 3.4, పెరుగుదల 10.6 రెట్లు. మన జన్యువు సీటీ ఏమీ మారలేదు, అంకె మాత్రం రెట్టింపైంది. విరుగుడుగా వేర్వేరు పనులు చేసే మూడు రిఫరెన్సులు వాడాలి, వాటిలో రైబోజోమ్‌ది ఒక్కటికి మించకూడదు. ఇంకా గట్టిగా కావాలంటే ట్రైజాల్ దశలోనే మిణుగురు పురుగుదైన లూసిఫరేజ్ ఆర్‌ఎన్‌ఏను లార్వాల సంఖ్యను బట్టి కొలిచి కలపాలి. అది లార్వాది కాదు కాబట్టి మందుకు చలించదు.

ఆ ఎంజైము నిజంగా వేపను విరుస్తుందా

జన్యువు లేచింది, వయసు వల్ల కాదు, ఆకలి వల్ల కాదు. అయినా అది లార్వాను కాపాడుతుందని ఇంకా తేలలేదు. చవకైన పరీక్ష పైపెరోనైల్ బ్యూటాక్సైడ్. పీ450లకు అడ్డుపడే ఈ రసాయనాన్ని, తనంతట చంపని మోతాదులో, అజాడిరక్టిన్‌కు ముందు ఇస్తే దోమలు పైకి రాకుండా ఆగడం పెరగాలి. పెరిగితే పీ450ల పాత్ర ఉందని చాలామంది అక్కడితో ఆగిపోతారు. హాలోవీన్ జన్యువులు కూడా పీ450లేనని మరవద్దు. ఎక్డైసోన్ తయారీకే ఇది అడ్డుపడితే వేప పని అలాగే బలపడినట్టు కనిపిస్తుంది. అందుకే ఇది ఒట్టి సూచనే. గట్టి రుజువు కావాలంటే ఆ పీ450ని దానికి ఎలక్ట్రాన్లు అందించే రిడక్టేజ్‌తో కలిపి ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి, ఆ ఎలక్ట్రాన్లకు మూలమైన ఎన్‌ఏడీపీహెచ్ ఇచ్చి, అజాడిరక్టిన్ తగ్గుతోందో లేదో హెచ్‌పీఎల్‌సీలో చూడాలి. ఎన్‌ఏడీపీహెచ్ ఇవ్వని గొట్టం పక్కనే ఉండాలి, ఎందుకంటే ఆ అణువు ఊరికే కూడా విరుగుతుంది.

ఒక తరం స్పందన, తరాల నిరోధకత

మందు తగిలాక లేచిన జన్యువు, మందు తీసేస్తే దిగిపోతుంది. నిరోధకత అంటే మందు ఎన్నడూ తగలని పిల్లలో కూడా కనిపించే తేడా. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. నిరోధకత ఉందో లేదో చూడాలంటే లార్వాలను తరానికో సారి మందుతో వడగట్టి, మిగిలిన దోమలతో గుడ్లు పెట్టించి, పక్కనే అదే మూలం నుంచి వడగట్టని లైనును (వంశాన్ని) పెంచుతూ పోవాలి. కనీసం రెండు విడి లైన్లు, తరానికి వందల దోమలు. కొద్ది దోమలతో నడిపితే యాదృచ్ఛికంగా కొన్ని జన్యురూపాలు మిగిలిపోయి అవే నిరోధకతలా కనిపిస్తాయి. పోలిక రోజున రెండు లైన్ల లార్వాలకూ అంతకుముందు ఒక తరమంతా మందు తగలకూడదు.

ఇలాంటి పని పేనుబంకలో జరిగింది. మైజస్ పెర్సికే అనే పేనుబంకను శుద్ధ అజాడిరక్టిన్‌తో 40 తరాలు వడగడితే 9 రెట్ల నిరోధకత వచ్చిందని, అదే వేపగింజ సారంతో వడగట్టిన లైనులో రాలేదని 1995లో అచ్చయింది. సారంలో అజాడిరక్టిన్ ఒక్కటే కాదు, దాని చుట్టాలైన లిమనాయిడ్లు ఎన్నో ఉంటాయి. ఒక్క ఎంజైము మారితే అన్నింటినీ తట్టుకోవడం కష్టం. దోమకు ఇదే వర్తిస్తుందని దీన్నిబట్టి తేల్చలేం. కానీ ప్రయోగంలో శుద్ధ పదార్థం లైను, సారం లైను రెండూ నడపడానికి ఇది గట్టి కారణం.

మొక్క మందు కాబట్టి నిరోధకత రాదన్న ధీమాకు మాత్రం జవాబు పక్కింట్లోనే ఉంది. చామంతి జాతి పూల నుంచి వచ్చే పైరెత్రమ్ కూడా మొక్క మందే. అది నరాల సోడియం చానల్ మీద పనిచేస్తుంది. డీడీటీకి, కృత్రిమ పైరెత్రాయిడ్లకు తలొగ్గని కేడీఆర్ మార్పు (మందు తగిలినా దోమ కూలిపోకుండా చేసే జన్యు మార్పు) అదే చానల్‌లో ఉంటుంది. అందులో ఒకటైన ఎఫ్1534సీ మార్పు (1534వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారడం) భారతదేశపు ఏడిస్ ఈజిప్టైలో కూడా దొరికిందని 2015లో నివేదించారు. ఇళ్లలో కొట్టే 2 శాతం పైరెత్రమ్ సారాన్ని ఒక పాలుకు 19 పాళ్ల కిరోసిన్ కలిపి వాడతారు. ఆ పొగమంచును తట్టుకునే దోమకు కొత్త జన్యువు అక్కర్లేదు, తాతలు డీడీటీతో సంపాదించిపెట్టినదే చాలు. ఇక్కడ ఆర్‌ఎన్‌ఏ తీసి పెరుగుదల చూస్తే ఏమీ కనిపించదు. ప్రొటీన్ పరిమాణం మారలేదు, ఒక్క అమైనో ఆమ్లం మారింది. డీఎన్‌ఏ చూడాలి.

టెమీఫాస్ కథ ఇంకో రకం. దాన్ని తట్టుకునే కొన్ని ఏడిస్ జనాభాల్లో సీసీఈఏఈ3ఏ అనే ఎస్టరేజ్ జన్యువు ప్రతుల సంఖ్యే పెరిగింది. ఆర్‌ఎన్‌ఏలో అది ఎక్కువగా కనిపిస్తుంది, మందు తగలకపోయినా. ఊరి నీళ్లతొట్ల నుంచి తెచ్చిన లార్వాలతో వేప పరీక్ష చేస్తే, ఆ జన్యువు ఎక్కువగా కనిపించడం వేప చలవ కాకపోవచ్చు. తొట్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున ఏళ్ల తరబడి వేసిన టెమీఫాస్ మిగిల్చిన గుర్తు కావచ్చు. అందుకే ఊరి లార్వాలను నేరుగా కప్పులో వేయకూడదు. ల్యాబులో ఒక తరం పెంచి, ఆ పిల్లలతో పరీక్ష పెట్టాలి. తల్లిదండ్రుల నుంచి ఒక్కో కాలు ఇథనాల్‌లో దాచి 1534వ స్థానాన్ని జీనోటైప్ చేయించుకోవాలి, ఎస్టరేజ్ ప్రతుల లెక్కను కూడా అదే డీఎన్‌ఏతో క్యూపీసీఆర్‌లో చూసుకోవాలి. ఈ రెండు అంకెలు రిపోర్టులో మోతాదు పట్టిక పక్కనే ఉండాలి.